నీలం దారంతో కుట్టిన ముందు సగం

కొత్త పాఠ్యపుస్తకం చేతికొస్తే అందరూ మొదటి పేజీ తెరుస్తారు. నేను నడిమి పేజీ తెరుస్తాను. తాండూరులో నేను లెక్కలు చెప్పే జూనియర్ కళాశాలకు పుస్తకాల కట్టలు ఏ ఏడూ వేళకు రావు. వచ్చిన రోజు మాత్రం తాళ్లు విప్పేటప్పుడు పక్కనే నిలబడతాను. ఇంటర్ మొదటి సంవత్సరం గణితం రెండో పుస్తకాన్ని, అంటే అందరూ వన్-బి అనే దాన్ని, ఒకటి లాక్కుని దిక్ కొసైన్‌ల పాఠం దగ్గర తెరుస్తాను. అక్కడ ఒక ఉదాహరణ పూర్తిగా ఉందో లేదో చూసుకుంటాను. ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది. ప్రశ్న, సాధన, జవాబు ఎదురెదురు పేజీల్లో కుదురుగా కూర్చుని ఉంటాయి. అది చూస్తే నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఒకసారి మా అటెండరు ఉండబట్టలేక అడిగాడు.

"ఏం చూస్తరు మేడమ్ గంతగనం? పేజీలు గిన తక్కువున్నయా?"

"లేదు, అన్నీ ఉన్నయి. గదే నా బాధ" అన్నాను.

ఆయన తాళ్లు చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. లెక్కల మేడమ్‌కు కొంచెం తిక్క అని కళాశాలలో అందరికీ తెలిసిన సంగతే.

మా ఇంట్లో ఆ పుస్తకం పాత ప్రతి ఒకటి ఉంది. పూర్తిగా లేదు, ముందు సగమే ఉంది. నీలం దారంతో కుట్టి ఉంటుంది. ముందు అట్ట ఉంది, వెనక అట్ట లేదు. చివరి పేజీ అడుగున ఒక లెక్క నడుస్తూ నడుస్తూ "ప్రతిక్షేపించగా" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి పేజీ, ఆ తర్వాతి సగం అంతా నా స్నేహితురాలి దగ్గర ఉండిపోయాయి. ఆమె ఎక్కడుందో, ఆ సగాన్ని ఇంకా తెరుస్తుందో లేదో, అంత ఇష్టంగా చేసే లెక్కల్ని ఎప్పుడో మానేసిందో, ఇది ఒక్కటి తెలిస్తే చాలని ఇన్నేళ్లు కొట్టుకులాడాను.

మేమిద్దరం కలిసిందే ఆ పుస్తకం కోసం కొట్లాడుకుంటూ.

మాది కోట్‌పల్లి వైపు ఒక పల్లె. నాయన మేకలు కాసేవాడు. పదో తరగతి అయ్యాక నన్ను వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో దింపి, ఇంటర్‌లో చేర్చాడు. లెక్కల సారు మొదటి రోజే చెప్పేశాడు, గైడు పట్టుకొచ్చేవాళ్లు తన క్లాసుకు రానక్కర్లేదని, సర్కారు అచ్చేసిన పాఠ్యపుస్తకమే కావాలని. ఆ పుస్తకం మాత్రం ఊళ్లో ఎక్కడా లేదు. స్టాకు రాలేదు. బస్టాండు నుంచి స్టేషన్ దాకా అన్ని దుకాణాలూ తిరిగి, కాళ్లు పీకుతుండగా చివరికి ఒక చిన్న కొట్టులో, పలకల వెనక, దుమ్ము పట్టిన ఒక్క ప్రతి కనిపించింది. నేను దాని మీద చెయ్యి వేశాను. అప్పటికే దాని మీద ఇంకో చెయ్యి ఉంది.

"ముందు నేను చెయ్యి పెట్టిన" అన్నాను.

"నువ్వు చెయ్యి పెట్టినవ్. నేను అప్పటికే పేజీలు తిప్పుతున్న" అంది ఆ పిల్ల. నిజంగానే ఆమె పుస్తకం చివర వేలు పెట్టి ఏదో చూస్తోంది.

దుకాణాయన నమాజుకు వెళ్లే తొందరలో ఉన్నాడు. "ఒక్కటే ఉన్నదమ్మా. మల్ల ఎప్పుడొస్తదో నాకే ఎర్క లేదు. జల్ది మాట్లాడుకోండ్రి. లేకుంటే ఒగలు గైడు తీస్కోండ్రి. మస్తుంటది. పరీక్షల వచ్చేటియే ఉంటయి, ఎతుక్కునే పనే లేదు" అన్నాడు.

"ఎతుక్కునేతందుకే కద కాకా కొంటున్నం" అంది ఆమె.

ఆ మాటకు నాకు కోపం దిగిపోయింది. కోపం నాకు ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగుతుంది. అప్పుడు ఆమె ముఖం వైపు చూశాను. నూనె పెట్టి బిగించి వేసిన జడ, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చుడీదారు, చెవుల దగ్గర సన్నటి తెల్లటి పొడి. ఆ పొడి ఏమిటో తర్వాత తెలిసింది. వాళ్ల నాయన ఒకప్పుడు దోమ అనే ఊరి వైపు కూలికి వెళ్లేవాడు, తర్వాత తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్ దగ్గర పనికి కుదిరాడు. వాళ్లు ఉండేది ఆ రాళ్ల అడ్డాలోనే. అక్కడ ఎవరి చెవుల దగ్గర చూసినా ఆ తెల్లటి పొడి ఉండేది. ఆమె చదువు కోసం వికారాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. ఆ ఇల్లు మా హాస్టల్ దారిలోనే ఉంది.

ఇద్దరం కలిసి పుస్తకం కొన్నాం. పొద్దున ఆమె దగ్గర, సాయంత్రం నా దగ్గర అని ఒప్పందం. వారం తిరక్కుండానే ఆ ఒప్పందం పోయి, సాయంత్రాలు ఇద్దరం హాస్టల్ వరండాలో ఒకే పుస్తకం ముందు కూర్చోవడం మొదలైంది.

దుకాణంలో ఆమె చివరి పేజీల్లో వెతికింది జవాబుల కోసమని అప్పుడు తెలిసింది. జవాబులన్నీ పుస్తకం వెనక వరసగా ఉండేవి. నేనైతే రెండు అడుగులు వేయగానే వెనక్కి తిప్పి జవాబు చూసే రకం. జవాబు తెలిశాక, అక్కడికి చేరేలా అడుగులు సర్దేసేదాన్ని. ఆమె అది కనిపెట్టింది. తన జడలోంచి ఒక పిన్ను తీసి, జవాబుల పేజీలన్నిటినీ కలిపి బిగించేసింది. ఇద్దరి లెక్కలూ పూర్తయ్యేదాకా ఆ పిన్ను తీయడానికి లేదు. పూర్తయ్యాక కూడా వెంటనే తీసేది కాదు. తన కాగితం మీద అరచెయ్యి మూసి పెట్టి, నా వైపు చూసి అడిగేది.

"ఎష్టు బంతు?"

వాళ్ల అమ్మది కర్ణాటక వైపు. ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. లెక్కల దగ్గర మాత్రం ఆమెకు కన్నడమే వచ్చేది. ఎంతొచ్చింది అని అడగడం అది. ముందు నేను చెప్పాలి. ఆ తర్వాతే ఆమె చెయ్యి తీసేది. ఇద్దరి జవాబులూ ఒకటైతే పిన్ను తీసి పుస్తకంలో చూసేవాళ్లం కాదు, ఎందుకంటే చూడాల్సిన అవసరమే ఉండేది కాదు. నా జీవితంలో అంత ధీమాగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఆ పుస్తకంలో మాటలంటే ఆమెకు ప్రాణం. స్పర్శరేఖ, అభిలంబం, బిందుపథం అని పైకి చదివేది. అవిచ్ఛిన్నత అన్న మాట మొదటిసారి చదివినప్పుడు నేను నోరు తిరగక విసుక్కుంటే, "కలం లేపకుండ గీసుడు, గంతే" అని ఒక గీత గీసి చూపించింది. సారు మరునాడు బోర్డు నిండా రాసిన నిర్వచనం కంటే నాకు ఆ గీతే ఎక్కింది. ఈనాటికీ పిల్లలకు అలాగే గీసి చూపిస్తాను.

మా క్లాసులో మిగతావాళ్లు దొంగచాటుగా గైడ్లే చదివేవాళ్లు. వాళ్లకు మార్కులు బాగానే వచ్చేవి, నేను కాదనను. కానీ గైడులో ప్రశ్న కింద జవాబు అప్పటికే కాచుకుని ఉంటుంది. మనం ఇంకా చెప్పులు విప్పకముందే అన్నం పెట్టేసే ఇల్లు అది. పాఠ్యపుస్తకం అలా కాదు. ఒక ఉదాహరణ చూపించి, ఇక నువ్వే చేసుకో అని వదిలేస్తుంది. ఆ వదిలేసిన చోట పక్కన ఇంకొకరు ఉంటే ఎంత బాగుంటుందో ఆ వరండాలో తెలుసుకున్నాను.

పబ్లిక్ పరీక్షల ముందు చదువుకోవడానికి సెలవులిచ్చారు. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. నేను ఊరికి వెళ్లాలి, ఆమె తాండూరు వెళ్లాలి, పుస్తకం ఒక్కటే. అప్పుడు ఆమెకు తట్టింది.

"కోద్దాం" అంది. "సగం నీకు, సగం నాకు. మీ నాయన అంగడికొస్తడు గద, నువ్వు గూడ రా. అంగట్ల మార్చుకుందాం."

మా నాయన మేకలు అమ్మడానికి వారం వారం తాండూరు అంగడికి వెళ్లేవాడు. నాకు ఆ ఆలోచన బ్రహ్మాండంగా అనిపించింది. కోర్టు దగ్గర ఫైళ్లు, పాత పుస్తకాలు కుట్టే ఒక తాత ఉండేవాడు. ఆయనకు పుస్తకం ఇచ్చి, సగానికి కోసి రెండుగా కుట్టమన్నాం. అక్కడే నిలబడితే సరిపోయేది. పరీక్షల ముందు ఆఖరుసారి కలిసి తిందామని మిర్చీల బండి దగ్గరికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పుస్తకం రెండు ముక్కలై, నీలం దారంతో చక్కగా కుట్టి, తాత గూడు మీద ఆరేసినట్టు పెట్టి ఉంది. కోత సరిగ్గా దిక్ కొసైన్‌ల పాఠం నడుమ పడింది. పాఠం నడుమ కూడా కాదు, ఒక లెక్క నడుమ పడింది. రెండు సమీకరణాలిచ్చి, రెండు సరళరేఖల మధ్య కోణం కనుక్కోమన్న లెక్క అది. ముందు సగం "ప్రతిక్షేపించగా" దగ్గర ఆగింది. ప్రతిక్షేపిస్తే ఏమొచ్చిందో రెండో సగంలోకి వెళ్లిపోయింది.

"పాఠం అయిపోయిన కాడ కోస్తరు గద తాతా" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

తాత కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "మీరు సగమన్నరు. సగమే కోసిన. పాఠం సంగతి నాకెవ్వలు చెప్పిండ్రు?"

అది అక్షరాలా నిజం. ఆయన రెండు ముక్కల్నీ చెరో చేతిలో పట్టుకుని తూచి చూపించాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. స్టేషన్ దాకా నవ్వుతూనే ఉంది. నేను ముందు సగం పట్టుకుని బస్సెక్కాను, జవాబులున్న రెండో సగం పట్టుకుని ఆమె రైలెక్కింది. జవాబులు నా దగ్గర ఉంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఆ వారం నేను కోట్‌పల్లి చెరువు గట్టు వైపు మేకల్ని తోలుకుని వెళ్లి, తుమ్మచెట్టు నీడలో ఆ సగం లెక్క ముందేసుకుని కూర్చున్నాను. తర్వాతి పేజీ లేదు. వెనక జవాబూ లేదు. తిప్పడానికి ఏమీ లేనప్పుడు చేయడం తప్ప దారి లేదు. ప్రతిక్షేపించాను. కాగితాలు నింపాను. మేకలు ఒకరి జొన్న చేలోకి దూరితే ఆయన తిట్లు కూడా తిన్నాను. చివరికి కోణం తేలింది. ఎవరూ చూపించకుండా నేను మొదటి నుంచి చివరి దాకా నడిచిన మొదటి లెక్క అది. అంగడి రోజు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకున్నాను.

అంగట్లో నాయన ఒక బేరగాడితో, ఇద్దరి చేతుల మీదా రుమాలు కప్పుకుని, వేళ్లతో ధర మాట్లాడుతున్నాడు. ఆమె రాళ్ల పొడి అంటిన చెప్పులతో పరుగెత్తుకుంటూ వచ్చింది. తమ అడ్డాలో పగిలిన నాపరాళ్ల మీద సుద్దముక్కతో లెక్కలు చేస్తోందట, కాగితం అక్కర్లేదట, నీళ్లు చల్లి తుడిచేయొచ్చట. రెండో సగాన్ని గుండెకు ఆనించి పట్టుకుని, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"ఎష్టు బంతు?"

"నూటఇరవై" అన్నాను.

ఆమె కళ్లు మెరిశాయి. "తప్పు. అరవై."

"పుస్తకంల చూసి చెప్తున్నవ్."

"చూడలే. నేను సొంతం చేసిన. తర్వాతనే చూసిన. పుస్తకంల గూడ అరవయ్యే."

"పుస్తకంల తప్పు పడ్డది. నూటఇరవయ్యే."

రెండు గీతలు కలిసిన చోట ఒక వైపు అరవై ఉంటే ఇంకో వైపు నూటఇరవై ఉంటుందని నా వాదన. కోణం అంటే చిన్నదే చెప్పాలని ఆమె వాదన. మట్టిలో పుల్లతో గీతలు గీసి, మేకల కాళ్ల మధ్య కూర్చుని, గొంతులు పెంచాం. నాయన రుమాలు కింద చెయ్యి అలాగే ఉంచి మా వైపు తిరిగాడు.

"జర ఆగుండ్రి బిడ్డా. మీ లొల్లికి నా బేరం చెడుతున్నది."

మేం ఆగాం. కానీ నేను మాట మార్చుకోలేదు. ఆ తర్వాత కలిసిన ప్రతి అంగట్లోనూ సగాలు మార్చుకునేటప్పుడు ఆమె "ఇంకా నూటఇరవయ్యేనా?" అని అడిగేది. "నూటఇరవయ్యే" అనేదాన్ని. తర్వాత ఎప్పుడో సారును అడిగితే, రెండూ ఆ రేఖల మధ్య కోణాలేనని, పరీక్షలో మాత్రం చిన్నది రాయమని చెప్పాడు. ఆ సంగతి ఆమెకు చెప్పి గెలిచినట్టు తల ఎగరేయాలని ఎంతగానో అనుకున్నాను. ఆ అవకాశం రాలేదు.

ఆఖరి అంగట్లో ముందు సగం నా దగ్గరికి వచ్చింది, రెండో సగం ఆమె దగ్గరికి వెళ్లింది. పరీక్షలైపోయాక తాత దగ్గరికి వెళ్లి రెండింటినీ మళ్లీ ఒకటిగా కుట్టిద్దామనుకున్నాం. పరీక్షా కేంద్రాలు వేరు వేరు పడ్డాయి. చివరి పేపర్ రోజు నేను వాళ్ల చిన్నమ్మ ఇంటి దగ్గరికి వెళ్లేసరికి ఆమె తాండూరు రైలెక్కేసిందన్నారు. సరే, జూన్‌లో కలుద్దాంలే అనుకున్నాను.

జూన్‌లో ఆమె రాలేదు. రాళ్ల మిషన్ మూసేశారట, వాళ్ల అమ్మ తరఫువాళ్ల ఊరికి, కన్నడం దిక్కు, అందరూ వెళ్లిపోయారట. చిన్నమ్మకు కూడా అంతకు మించి తెలియదు. కొద్ది రోజులకు ఆ చిన్నమ్మ కూడా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. మాలో ఎవరి దగ్గరా ఫోన్ లేదు.

రెండో సంవత్సరం పుస్తకాలు ఆ ఏడు వేళకే వచ్చాయి. ఎవరితోనూ కొట్లాడకుండా, ఎవరితోనూ పంచుకోకుండా పూర్తి పుస్తకాలు నా ఒక్కదాని చేతికొచ్చాయి. వరండాలో కూర్చుని లెక్క పూర్తి చేసి, కాగితం మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయేదాన్ని. ఎంతొచ్చిందని అడిగే దిక్కు లేదు. కాసేపటికి నేనే వెనక్కి తిప్పి జవాబు చూసుకునేదాన్ని. సరిగ్గా వచ్చినా అందులో రుచి ఉండేది కాదు.

ఆమె మీద నాకు కోపం కూడా ఉండేది, అది దాచుకోను. మా హాస్టల్ పేరు ఆమెకు తెలుసు, ఒక కార్డు ముక్క రాస్తే చేరేది. ఎందుకు రాయలేదని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఆ తిట్లన్నీ అయిపోయాక, చదువు ఆపేసిందేమో, ఆ సంగతి రాయడానికి మనసొప్పలేదేమో అనిపించేది. అంత ఇష్టపడి చేసిన మనిషి లెక్కలు మానేసి ఉంటుందన్న ఆలోచనే నాకు మింగుడుపడేది కాదు.

లెక్చరర్ ఉద్యోగం వచ్చి, ఏ ఊరు కావాలో చెప్పమన్నప్పుడు అందరూ హైదరాబాద్ వైపు కోరుకున్నారు. నేను తాండూరు అన్నాను. ఇంట్లో వాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. అప్పటి నుంచి వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగుతున్నాను. స్టేషన్ నుంచి నడిచేటప్పుడు రాళ్ల అడ్డాల ముందు నా అడుగులు వాటంతటవే నెమ్మదిస్తాయి. అంగడి రోజైతే కూరగాయల వంకతో ఒక చుట్టు తిరుగుతాను. నా ఈడు ఆడవాళ్ల ముఖాలు చూస్తాను. ఒకసారి ఒకామె నడక చూసి చాలా దూరం వెంట వెళ్లి, ఆమె తిరిగి చూడగానే ఉల్లిగడ్డల ధర అడిగి వచ్చేశాను. ఫోన్లో ఆమె పేరు కొట్టి వెతికితే లెక్కలేనంత మంది వచ్చారు. ఒక్కరి ముఖమూ ఆమెది కాదు.

ఈ ఏడు మా కళాశాలకు వచ్చిన పుస్తకాలు పిల్లలకు సరిపోలేదు. నేను ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చాను.

"ఫోన్ల పీడీఎఫ్ ఉన్నది మేడమ్. బుక్కెందుకు?" అన్నాడొకడు.

"ఫోన్ల చదివితే పక్కన ఇంకో మనిషి కూసుంటదా?" అన్నాను. వాడికి నా మాట ఎక్కలేదు. ముఖ్యమైన ప్రశ్నలేవో చెబితే చాలునన్నట్టు చూశాడు. ప్రతి జూన్‌లో ఏ పుస్తకం మంచిదని తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. ఏదైనా ఒకటే కొనండి, పక్కన కూర్చుని చదివే ఇంకొకర్ని చూడండి అంటాను. నవ్వి, గైడు కొనుక్కుని వెళతారు.

దిక్ కొసైన్‌ల పాఠం వచ్చిన రోజు బోర్డు మీద లెక్క ఇచ్చి, అలవాటు కొద్దీ క్లాసును అడిగాను. "ఎష్టు బంతు?"

సరిహద్దు ఊళ్ల పిల్లలు కొందరు నవ్వారు. మేడమ్ నోట కన్నడం వాళ్లకు ఎప్పుడూ తమాషానే. బషీరాబాద్ అవతలి చివరి ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. క్లాసు అయ్యాక వరండాలో నా వెనకే వచ్చింది.

"మేడమ్, మీకు మా టీచరమ్మ ఎర్కనా?"

"ఏ టీచరమ్మ?"

"మా ఊర్ల ట్యూషన్ చెప్తది. టెన్త్ దాకా నేను ఆమె దగ్గర్నే చదివిన. లెక్క అయినంక ఆమె గూడ గిట్లనే అడుగుతది, ఎష్టు బంతు అని. జవాబు మాత్రం సచ్చినా చెప్పది. జవాబుల పేజీలకు జడపిన్ను పెడ్తది."

నా చేతిలో డస్టరు ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక రెండో చేతికి మార్చుకున్నాను.

"ఆమె… ఎంత దాకా చదువుకుంది?"

"నడుమల ఆగిందంట మేడమ్. మల్ల పెండ్లై మా ఊరికొచ్చినంక ప్రైవేటుగ కట్టి పాసైందంట. మేము లెక్కలు చేస్తుంటే ఆమె పక్కకు కూసోని ఇంటర్ బుక్కుల ఆమె లెక్కలు ఆమె చేసుకుంటది. పాతది, సగమే ఉంటది. ముందు సగం దోస్తు దగ్గరున్నదని చెప్తది."

ఉంటది అంది, చేసుకుంటది అంది. ఇన్నేళ్లు నేను తెలుసుకోవాలనుకున్నదంతా ఆ పిల్ల మామూలుగా, బస్సు టైమైపోతుందన్న తొందరలో చెప్పేసింది. నా కళ్లు నిండిపోయాయి. సుద్దపొడి పడిందన్నాను. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, నమ్మినట్టే తల ఊపి, టీచరమ్మ నంబర్ రాసిచ్చి వెళ్లింది.

ఆ నంబర్‌కు నేను వెంటనే ఫోన్ చేయలేదు. చేయలేకపోయాను. ఇంతకాలం దగ్గర్లోనే ఉండి నన్ను వెతకలేదేమని అడుగుతానేమో, అడిగితే మొదటి మాటే తగాదా అవుతుందేమో అని భయం. నన్ను మరిచిపోయి ఉండదు, దోస్తు అనే చెబుతోంది. అయినా ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. బాగున్నావా అంటే అది ఎవరైనా ఎవరినైనా అడిగే మాట. రైల్లో వెళుతూ వస్తూ మనసులో ఎన్నో మాటలు రాసుకుని కొట్టేసుకున్నాను.

ఒక ఆదివారం, వంటపని అయ్యాక, బీరువాలోంచి ముందు సగం తీశాను. దారం కొంచెం వెలిసింది గానీ కుట్టు ఎక్కడా సడల్లేదు. చివరి పేజీ తెరిచి, కిటికీ వెలుతురులో పెట్టి, "ప్రతిక్షేపించగా" అన్న మాట స్పష్టంగా కనిపించేలా ఫోటో తీశాను. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, ఒక్క అక్షరం కూడా జోడించకుండా పంపేశాను.

చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, గిన్నెలు సర్ది, మళ్లీ వచ్చి చూశాను. ఏమీ లేదు. తప్పు మనిషికి పంపానేమో అనుకున్నాను. ఆమె గుర్తుపట్టి కూడా ఊరుకుందేమో అనుకున్నాను. అది ఎక్కువ బాధ పెట్టింది. ఫోన్ టింగుమనగానే తిప్పి చూశాను.

తెలుగు అక్షరాల్లో రెండే మాటలున్నాయి.

"ఎష్టు బంతు?"

నేను కింద కూర్చున్నాను. ఒక కాగితం తీసుకుని, నిజంగానే లెక్క చేశాను. మొదటి సమీకరణం నుంచి విలువ తీసి రెండో దానిలో ప్రతిక్షేపించాను. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన లెక్క, కళ్లు మూసుకుని చేయగలను. అయినా ఒక్క అడుగు కూడా వదలకుండా, చెరువు గట్టు మీద చేసినట్టే చేశాను. కోణం అరవై డిగ్రీలు వచ్చింది. పరీక్షలో ఎవరు రాసినా అదే రాయాలి. నేనే అలా రాయమని చెబుతాను.

ఫోన్ తీసి "నూటఇరవై" అని కొట్టి పంపాను.

పంపీ పంపకముందే ఫోన్ మోగింది. ఎత్తి చెవికి పెట్టుకున్నాను. ఆ గొంతు, కొంచెం బరువెక్కిన అదే గొంతు, అంగట్లో మేకల మధ్య నిలబడి అడిగినట్టే అడిగింది.

"ఏమే, ఇంకా గదే మాట మీద ఉన్నవా?"